షినాస్ ఒడ్డున మొదటి ముక్క

ఒమాన్‌ల షినాస్ అనే ఊరికి పోయొచ్చిన అంటే, అక్కడ చూసెటందుకు ఏమున్నది అని అడుగుతరు. ఏం లేదు. సముద్రం ఉన్నది, ఉసికె ఉన్నది, చాపల వాసన ఉన్నది. గుడి లేదు, గోపురం లేదు, నిలబడి ఫొటో దిగెటంత జాగ లేదు. అయినా గల్ఫ్‌ల అన్నేండ్లు తిరిగిన నాకు చెప్పాలనిపించే ప్రయాణం అదొక్కటే. అప్పటికి నాకు అక్షరం రాదు. బస్సు మీద ఏమి రాసున్నదో పక్కోన్ని అడిగి ఎక్కేటోన్ని. చదువు ముసలితనంల వచ్చింది. వచ్చినంక పొడుగ్గ ఏదన్న రాయాలనుకుంటే ముందుగాల ఇదే యాదికొచ్చింది.

తొంభైల మొదట్ల సంగతి. ఎవరు పోరు గనుక నేనే చెప్త.

నిజ్వా

నిజ్వా కొండల నడుమ ఊరు. పాత కోట, కోట చుట్టూ ఖర్జూర తోటలు, తోటలకు పారే కాలువలు. ఎవరి తోటకు ఎంతసేపు నీళ్లో నీడ చూసి పంచుకుంటరు. మా దిక్కు చెరువు తూముకాడ తలకాయలు పగిలినయి నేను చూసిన. అక్కడ ఒక ముసలాయిన నేలల కట్టె పాతి, దాని నీడ చూసి చెయ్యి ఊపితే కాలువ మర్లుతుండె. ఎవడు నోరెత్తలేదు. మా ఊర్ల ఆ కట్టెనే పీకి కొట్టుకుందురు.

మా కంపెనీ అక్కడ బడి కడుతుండె. నాది సెంట్రింగ్ పని. ఒక శుక్రవారం మా రూమ్ పక్క మలబారీ దుకాణానికి ఇంటికాడి నుంచి ఫోన్ వచ్చింది. తమ్ముడు నర్సింలు. అవ్వ పోయింది అన్నడు. మా దిక్కు తల్లినే అవ్వ అంటం. పోయి అప్పటికే కొన్నొద్దులయింది. దుకాణం ఫోన్ దొరకక, దొరికిననాడు నేను డ్యూటీల ఉండి, ఆ మాట నన్ను చేరెటాలకు అవ్వ మట్టి అయింది.

అవ్వ పోవుడు ఒక ఎత్తు, నర్సింలు తర్వాత చెప్పింది ఒక ఎత్తు. పిట్ట ముట్టలేదన్నడు.

తెల్వనోళ్లకు చెప్తున్న. మా దిక్కు మనిషి పోయినంక మూడొద్దులకు, ఐదొద్దులకు, మళ్ల పెద్దదినం నాడు, పోయినోళ్లకు ఇష్టమైనయి వండి ఆకుల పెట్టి దూరం జరుగుతం. కాకి వచ్చి ముట్టాలె. ముడితే ఆ పానం తృప్తిగ పోయినట్టు. ముట్టకుంటే మనసుల ఏదో పెట్టుకొని పోయినట్టు. పిట్ట ముట్టకముందు ఆ వంటను ఇంటోళ్లు, బయటోళ్లు ఎవరు నోట్ల పెట్టరాదు. నర్సింలు మూడొద్దులకు కొర్రమట్ట కాల్చి పెట్టిండు, ముట్టలే. ఐదొద్దులకు రవ్వ చాప పెట్టిండు, ముట్టలే. పెద్దకొడుకు చెయ్యి పడితేనే ముడుతదని కులపోళ్లు అన్నరట.

"అన్నా, అవ్వ కోపంతోని పోయింది," అన్నడు నర్సింలు. "ఆమె పెనం మీద నేను ఇంక ఎట్ల కాల్చాలె? పెద్దదినం దాంక చూస్త. ముట్టకుంటే పెనం అమ్మి బొంబాయి పోత."

వాని సంసారమంత ఆ పెనం మీదనే బతుకుతది. అవ్వ చాపల కొట్టు అది. నేను ఇంటికొస్త అనెటందుకు లేదు. పాస్‌పోర్టు కంపెనీల ఉన్నది, ఒప్పందం ముగియలేదు, ఆఫీసోళ్లు కుదరదని ఒక్క మాటల చెప్పిండ్రు. అయితే ఇక్కడనే పెడుత అనుకున్న. గని నిజ్వాల కాకి ఏది? కొండల మీద పెద్ద నల్ల పిట్ట ఒకటి తిరుగుతది, అది మనిషి దగ్గరికి రాదు. కాకులు సముద్రం దిక్కు ఉంటయని అందరు అన్నరు. సముద్రం ఒడ్డున షినాస్‌ల మా గల్లీ మనిషి, చిన్ననాటి దోస్తు లింగడు పని చేస్తుండె.

లీవు ఇచ్చేటోడు మా ఇంజనీరు. ఇంగ్లాండు మనిషి, ఎప్పుడు చూసినా మొఖం కోపంగ ఉంటది. మలబారీ ఫోర్మన్ నా సంగతి చెప్పిండు. తల్లి పోయింది, పిట్టకు చాప పెట్టాలెనట, సముద్రం దిక్కు పోతడట అని. నవ్వుతడనుకున్న, నవ్వలేదు. మీ అమ్మ ఏం పని చేసేది అని అడిగిండు. గల్లీల చాపలు, ఆలుగడ్డలు కాల్చి అమ్మేదని చెప్పిన. చేతిల పెన్ను కింద పెట్టిండు. వాళ్ల ఊర్ల వాళ్ల గల్లీ మూలకు గుడ అసొంటి కొట్టే ఉండెనట. చాప, ఆలుగడ్డ వేయించి, ఉప్పు చల్లి, పుల్లటి సిర్కా పోసి, పేపర్ల చుట్టి ఇస్తరట. పైసలు లేని పిల్లలకు నూనెల తేలిన పిండి పలుకులు ఊరికే ఇస్తరట. వాళ్ల నాయినకు బొగ్గు బాయిల పని లేని రోజులల్ల ఆయినె ఆ పలుకులు తినే పండుకునేటోడట. ఇంత చెప్పి కాయిదం మీద సంతకం పెట్టి మళ్ల మొఖం కోపంగ పెట్టుకున్నడు.

తెల్లోళ్ల దేశంల గుడ గల్లీల చాపల కొట్లుంటయా అని ఫోర్మన్‌ను అడిగిన. "వాళ్లకు కడుపు లేదా?" అన్నడు.

బస్సు కిటికీ పక్క

నిజ్వా నుంచి సముద్రం దిక్కు బస్సు దిగుతుంటే రెండు దిక్కుల గుట్టలే. చెట్టు లేదు, పచ్చ లేదు, కాల్చిన ఇటికె రంగు. చూడబుద్ధి కాలేదు. కండ్లు మూసుకుంటే మా గల్లీ కనబడ్డది.

మాది గోదావరి ఒడ్డున ఊరు. బస్సు దిగితే రేవుకు పోయే గల్లీ. గల్లీల ఎదురుబదురు రెండు చాపల కొట్లు. ఒకటి మా అవ్వ నర్సవ్వది, ఒకటి లింగని తల్లి భూదవ్వది. కొట్టు అంటే ఏం లేదు, మూడు రాళ్ల పొయ్యి, పెద్ద ఇనుప పెనం, పైన రేకు. నాయిన వల వేస్తడు, అవ్వ కాలుస్తది. ముక్కలకు ఉప్పు, పసుపు, కారం, చింతపండు పులుసు రాసి, జొన్నపిండిల పొర్లించి కుసుమ నూనెల వేస్తది. ఆ వాసన బస్సు ఆగే కాడికి పోతది. డ్రైవర్లు టైము కాకున్నా బస్సు ఆపేటోళ్లు.

వానకాలం గోదావరి పోటెత్తితే వల పడది. ఒకేడు అట్లనే చాప లేక పొయ్యి సల్లారింది. అవ్వ ఆలుగడ్డలు పొట్టుతోని పొడుగు ముక్కలు కోసి, పాత చాపల నూనెలనే వేసింది. చాప లేకున్నా చాప రుచి. గల్లీ పిల్లలకు దాని పిచ్చి పట్టింది. మోదుగాకు దొప్పల ఐదు పైసలకు నిండుగ ఇచ్చేది. ఎండకాలం చాప మస్తుగ వచ్చినా పిల్లలు గడ్డలే అడిగిండ్రు. ఎదురు కొట్టుకాడికెల్లి భూదవ్వ గల్లీ మొత్తం ఇనబడెటట్టు అంటుండె, నర్సవ్వ మన్నుల పుట్టిన చాపను అమ్ముతున్నది, చూడుండ్రి అని. మా అవ్వ ఊకుంటదా? నీ కొట్టుల చాప గుడ రెండొద్దుల కిందనే మన్నుల కలవాల్సిందే గదనే అంటుండె. ఇద్దరు పొద్దంత తిట్టుకునేటోళ్లు. పొద్దుగూకినంక ఒక్క తమలపాకు తుంచుకొని చెరి సగం వేసుకునేటోళ్లు.

లింగడు మా కొట్టుల గడ్డలకు ఎగబడేటోడు, నేను వాళ్ల కొట్టుల పులుసుకు. ఎవని తల్లి చేసింది వానికి నచ్చది.

ఒక్కటి మాత్రం మా అవ్వది నాకు అసలే నచ్చకపోయేది. పొద్దుగాల మొదటి వాయి దిగితే మొదటి ముక్క అమ్మది, మాకు పెట్టది. పెనం అంచుకు పెట్టి ఉంచుతది. బస్సు దిగి ఊరు గాని ఊరు మనిషి ఎవడన్న గల్లీల అడుగుపెడితే, పిలిచి వాని చేతిల ఊరికే పెట్టేది. అటెనుకనే బేరం. బస్సు లేటయితే మేము ఆ ముక్క దిక్కు చూసుకుంట గుటకలు మింగుతుంటిమి. ఎదురుంగ భూదవ్వ అమ్ముకుంట నవ్వుతుండె. తెలిసినోనికే పెట్టరాదా అవ్వా అంటే, "తెలిసినోనికి పెడితే బాకి బిడ్డా, తెల్వనోనికి పెడితేనే పెట్టుడు" అనేది. పిల్లగాండ్లకు ఇసొంటి మాటలు కడుపు నింపుతయా? అదొక పీడ అనుకున్న.

కొండలు దాటేసరికి బస్సుల ఏసీకి కాళ్లు గడ్డ కట్టినయి. దిగితే పొయ్యిల పడ్డట్టు ఎండ.

మత్రా

మత్రా పాత రేవు. సముద్రం ఒడ్డుపొంటి తెల్ల ఇండ్లు వరుసగ, ఇండ్ల వెనుక గుట్టలు, గల్లీ లోపల్లోపల బజారు. నడుస్తుంటే సాంబ్రాణి పొగ, ఏలకుల వాసన. గుజరాతీ సేట్లు తాతల కాలంకెల్లి అక్కడ దుకాణాలు పెట్టుకున్నరు. ఒక సేటు దగ్గర జొన్నపిండి దొరికింది. మా దిక్కు జొన్న అంత తెల్లగ లేదు, అయినా జొన్ననే. అక్కడి చిల్లర యాభై బైసలకు చాయ తాగిన. చక్కెర పోసి చంపిండు.

రేవు కాడ చాపల మార్కెట్. చెయ్యంత చాపలు, మనిషంత చాపలు. గోడ మీద కాకులు కనబడ్డయి. అన్నొద్దులకు కాకి ముఖం చూసి నాకు పానం లేచొచ్చింది. ఆగలేకపోయిన. షినాస్ దాంక ఎందుకు, ఇక్కడనే పెడితే ఏమయితది అనుకొని, ఒక హోటల్ల వేయించిన చాప ముక్క కొని, కాయిదం పరిచి గోడ మీద పెట్టి, దండం పెట్టి వెనుకకు జరిగిన. కాకి వచ్చేలోపల తెల్ల సముద్రపు పిట్ట ఒకటి దిగి కాయిదంతో సహా ఎత్తుకపోయింది. ఊడ్చేటాయిన చీపురు చూపించి అరిచిండు. నేను సిగ్గు లేకుండ ఇంకొక ముక్క కొననీకి తిరిగిన.

అంతల వెనుకకెల్లి తెలుగు ఇనబడ్డది. "ఏమన్నా, తెలుగోనివేనా? ఏంది నువ్వు చేస్తాండేది?"

కడప దిక్కు ఆడమనిషి. ఇంట్ల పని చేస్తదట, మేడం వెంబడి కూరగాయలకు వచ్చింది. రెండు చేతులకు బరువు సంచులు. సంగతి చెప్పిన. ఆమె సంచులు కింద పెట్టి నా దిక్కు చూసింది.

"అంగట్లో కొనుక్కొచ్చి పెడ్తే యాడ ముట్టుకుంటాదన్నా? నీ చేత్తో చేసి పెట్టల్ల. అమ్మకి హోటలు కూడు పెడ్తావా నువ్వు?"

మొఖం మీద కొట్టినట్టయింది. గని తప్పెక్కడ? తప్పులేని మాట. ఆమె సంచిల చెయ్యి పెట్టి ఒక కారం పొట్లం తీసింది. ఊరికెల్లి ఎవరో తెచ్చిచ్చిందట. అక్కడి దుకాణాల కారంల రంగే తప్ప కారం ఉండదని, ఇది వేసి చెయ్యమని చేతిల పెట్టింది. పేరు అడిగేలోపల కారు హారన్ కొట్టింది. సంచులు ఎత్తుకొని ఉరికింది. వాళ్లకు నిలబడి మాట్లాడే తీరిక గుడ ఉండది. మాకు శుక్రవారమన్న ఉండె. వాళ్లకు అది గుడ లేదు.

సోహార్ తోవ

మరునాడు షినాస్‌కు షేర్ టాక్సీ, సోహార్ ఊరి మీదికెల్లి పోతది. తెల్లగ, నడుమ నారింజ పట్టీ. ముందట డ్రైవరుతోని ఇద్దరు, వెనుక ముగ్గురు. నిండేదాంక కదలదు. మా ఊరి ఆటోలకు అక్కకూతురు అనుకోవాలె. డ్రైవరు బలూచీ మనిషి, హిందీ మంచిగనే మాట్లాడుతడు. నా పక్కకు తెల్ల గడ్డం తాత, అటు పక్కకు ఆయిన మనుమడు, పెండ్లీడు మనిషి.

కారం పొట్లం ఒళ్లె పెట్టుకున్న. టాక్సీ ఒక గుంతల ఎగిరి పడ్డది. పొట్లం పగిలింది. ముందుగాల తాత తుమ్మిండు. తర్వాత మనుమడు. డ్రైవరు తుమ్ముకుంట, కండ్లు తుడుచుకుంట, బండి రోడ్డు దింపి ఆపిండు. ఐదుగురం దిగి నడి ఎండల లైనుగ నిలబడి తుమ్మినం. ఇంక నన్ను ఇక్కడనే వదిలేస్తరు అనుకున్న. తాత ముక్కు తుడుచుకొని, ఇదేం మందు అని అడిగిండు. కూరల వేసుకుంటం అని చెప్పిన. తాత డ్రైవర్ దిక్కు తిరిగి ఏదో అన్నడు. డ్రైవరు నవ్వుకుంట చెప్పిండు: "మీరు కూర తింటరా, కూరతోని కుస్తీ పడతరా అని అడుగుతున్నడు."

సగం కారం సీటు మీద పోయింది. మిగిలినంత తాత తన రుమాలుల కట్టిచ్చిండు. ఆ రుమాలు నేను తిరిగియ్యలేదు, ఆయినె అడగలేదు.

ఆ తోవపొంటి ఒక దిక్కు సముద్రం, ఒక దిక్కు తోటలు. ఒడ్డు మీద చిన్న చాపలు తుంగచాపలోలె పరిచి ఎండబెట్టిండ్రు. ఎవరు తింటరని అడిగితే ఆవులకని చెప్పిండు డ్రైవర్. నమ్మలేదు. ఒక తోటకాడ ఆపి చూపించిండు. ఆవు కరకర నములుతున్నది, గడ్డి మేసినట్టే. మా ఊర్ల చాప ముట్టినోడు గుళ్లెకు పోయే ముందు తానం చేస్తడు. అక్కడ ఆవే ముడుతున్నది. ఎవలిది సరి అని నేను అడగ. ఆవును అడుగుండ్రి.

షినాస్

లింగడు రోడ్డు మీదనే నిలబడి ఉన్నడు. వాడు ఐసు గడ్డలు మోసి, పడవలకు ఎక్కించే పని. భుజాలు వంగిపోయినయి. నన్ను చూసి ముందుగాల ఏడ్చిండు, తర్వాత తిట్టిండు.

"నర్సవ్వ పోయిందంటే నాకు ఒక్క మాట చెప్పవారా? నీకంటే ఎక్కువ నేను తిన్న ఆమె చేతిది."

"తిన్నవు. పైసలిచ్చినవా?" అన్న.

"నువ్వు మా అవ్వ పులుసుకు ఇచ్చినవా?"

ఇద్దరం నవ్వినం. అవ్వ పోయిందని విన్నకాడికెల్లి అదే మొదలు.

వాని రూమ్ సముద్రానికి దగ్గర్నే. మాపటీలి సగం సేపు ఏ చాప అన్న దాని మీదనే గడిచింది. మా అవ్వ గోదావరి చాప తప్ప ముట్టిన మనిషి కాదు. ఉప్పు నీళ్ల చాప ఆమె ముందట పెడితే పిట్ట కాదు, ఆమెనే వచ్చి తన్నుతదన్నడు లింగడు. ఈ దేశంల ఏరు లేదు, చెరువు లేదు. ఆఖరుకు వానికే తోచింది. షినాస్ పక్కకు సముద్రపు పాయ ఒకటి లోపలికి వస్తది, దాంట్ల మడ చెట్లుంటయి. ఆ పాయల దొరికే చాపను బియాహ్ అంటరు. సముద్రంది అంటే సముద్రంది, కాదంటే కాదు. చూస్తే మన బొచ్చె చాప పిల్ల లెక్క ఉంటది. అది పట్టిచ్చెటందుకు వాని యజమానిని అడిగిండు. పడవలు ఆయినెవే. అక్కడ యజమానిని అర్బాబ్ అంటరు.

అర్బాబ్ ఇంటికి పోయినం. పేరు సయీద్. ఎండకు ముడతలు పడ్డ మొఖం. పడుచుతనంల ఖర్జూరాల ఓడల బొంబాయి పోయొచ్చినోడు, హిందీ అక్కడిదే. నేలమీద కూసోబెట్టి ఖర్జూరాలు, కావ పెట్టిండు. కావ అంటే పాలు, చక్కెర లేని కాఫీ, ఇంతంత గిన్నెల. వద్దంటే పోసిండు. మళ్ల వద్దంటే మళ్ల పోసిండు. గిన్నె ఊపి ఇస్తేనే చాలని అర్థమట. లింగడు చూసుకుంట కూసున్నడు గని చెప్పలేదు. బయటికొచ్చినంక నీ మొఖం చూస్తే మజా అనిపించిందన్నడు. తల్లి పోయినోన్ని గుడ వదలని దోస్తు.

చాప ఎందుకో లింగడు అర్బాబ్‌కు మొత్తం చెప్పలేదు. చచ్చినోళ్ల పేరు మీద వంట అని మాత్రం చెప్పిండు. మా దిక్కు గుడ చచ్చినోళ్ల పేరు మీద అన్నం పెడతం, దొరికినోనికల్ల పెడతం అన్నడు అర్బాబ్. పిట్టకు పెట్టుడు అని చెప్పితే పిచ్చోళ్లనుకుంటడని మేము నోరు మూసుకున్నం.

ఒడ్డు మీద

తెల్లారి పాయకెల్లి చాపలు వచ్చినయి. అర్బాబ్ గంపెడు పంపిండు, మాకు కావాల్సింది నాలుగు. ఒడ్డున మూడు రాళ్లు పెట్టి, లింగని ఇనుప పెనం ఎక్కించిన. పొలుసు తీసి, ముక్కలు కోసి, కడప కారం, చింతపండు రాసి, సేటు దగ్గర కొన్న జొన్నపిండిల పొర్లించిన. ఆలుగడ్డలు పొట్టుతోని కోసిన. చిన్నప్పుడు చూసుడే గని నేను ఎన్నడు కాల్చలే. మొదటి ముక్క వేయంగనే నూనె చిట్లి ముంజేయి కాలింది. అవ్వ చేతుల మీద అసొంటి మచ్చలు ఎన్నుండెనో అప్పుడు యాదికొచ్చినయి.

బాదం చెట్టు ఆకులు తెచ్చి విస్తరి కుట్టిండు లింగడు. మెతుకులు, చాప ముక్కలు, గడ్డలు, బెల్లం, తమలపాకు, వక్క. పడవలకు దూరంగ ఉసికె మీద పెట్టి దండం పెట్టిన. "అవ్వా, రా" అన్న. వెనుకకు జరిగి కూసున్నం.

కాకులు ఉన్నయి. పడవ అంచు మీద రెండు, వల కట్టె మీద ఒకటి. చూస్తున్నయి. రాలేదు.

ఎండ ఎక్కింది. ఒకటి ఎగిరి వచ్చి, విస్తరి చుట్టూ నడిచి, మెడ వంచి చూసి, వెనుకకు పోయింది. లింగడు సన్నగ అన్నడు, మాట ఇయ్యిరా అని. మా దిక్కు పిట్ట రాకుంటే పోయినోళ్లకు మాట ఇస్తరు. నీ బిడ్డను మంచిగ చూసుకుంటమనో, నీ అప్పు తీరుస్తమనో. ఏం మాట ఇయ్యాలె? ఇంటికొచ్చి కొట్టు చూసుకుంట అని చెప్పు అన్నడు లింగడు.

"రాను గదా," అన్న. "వచ్చేటట్టుంటే ఇక్కడెందుకుందు? చచ్చినామెకు అబద్ధం చెప్పుమంటవా?"

"అందరు చెప్తరురా."

"చెప్పనీ."

కొట్టుల వాటా అడగనని చెప్పు అన్నడు. ఎన్నడు అడగలే, అడగనని మాట ఇచ్చుడేంది? మళ్ల వాడే లేచి, సముద్రం దిక్కు తిరిగి, "నర్సవ్వా, మా అవ్వ నిన్ను తిట్టినవన్ని ఒట్టివే, గడ్డలు మంచిగుండె" అని చెప్పిండు. కాకి దానికీ రాలే.

నా లోపట నర్సింలు మాట తిరుగుతున్నది. పెనం అమ్మి బొంబాయి పోత. ఈ పిట్ట ముట్టకుంటే ఆ పొయ్యి అయిపోయినట్టే. దేవునికి మొక్కుకున్న, కాకికి మొక్కుకున్న.

అంతల అర్బాబ్ వచ్చిండు. వల లాగినంక, తడి బట్టల మీదనే, వెంబడి పడవ పనోళ్లు నలుగురైదుగురు బంగ్లాదేశ్ వాళ్లు. పొద్దటి నుంచి నీళ్లల్ల ఉన్నోళ్లు. వాసన పట్టుకొని వచ్చిండ్రు. పెనం పక్కకు తట్టల మిగిలిన ముక్కలున్నయి, మూత పెట్టినయి. మేము లేచేలోపలనే అర్బాబ్ ఉసికె మీద కూలబడి, దేవుని పేరు తలుచుకొని, మూత తీసి ఒక ముక్క నోట్ల పెట్టుకున్నడు.

"అర్బాబ్, నై!" అన్నడు లింగడు. మొఖం తెల్లబోయింది.

పిట్ట ముట్టకముందు మనిషి ముట్టిండు. అర్బాబ్ నములుడు ఆపిండు. చెయ్యి వెనుకకు తీసిండు. మా ఇద్దరి మొఖాలు చూసి, తప్పు చేసిన్నా అని అడిగిండు. ఎవరి కోసమన్న దాచిపెట్టిండ్రా అని అడిగిండు. పనోళ్లు చాచిన చేతులు అట్లనే పెట్టుకొని నిలబడ్డరు. లింగడు నా దిక్కు చూస్తున్నడు, అంత పాడయింది అన్నట్టు.

నేను అర్బాబ్ చేతిలున్న మిగిలిన సగం ముక్క దిక్కు చూసిన. నాకు పెనం అంచుకు పెట్టిన మొదటి ముక్క కనబడ్డది. బస్సు రాక, ఎవరు దిగక, ఎండకు ఎండుకుంట, ఈగలు తోలుకుంట అవ్వ కూసున్నది కనబడ్డది.

ఆ ముక్క మాకు పెట్టలే. ఆమె తినలే. చచ్చినంక మేము అదే ముక్క ఆమె ముందట పెట్టి, ముట్టు ముట్టు అంటున్నం. ఎట్ల ముడుతది?

"తిను అర్బాబ్," అన్న. "దాచిపెట్టింది నీ కోసమే. మా అవ్వ మొదటి ముక్క తెల్వనోనికే ఇస్తది."

లింగడు నోరు తెరిచిండు. ఒక ఘడియకు వానికి గుడ యాదికొచ్చింది. తల మీద చెయ్యి పెట్టుకొని ఉసికెల కూసున్నడు. అర్బాబ్‌కు సగమే సమజయింది. దేవుడు ఆమెను చల్లగ చూడాలె అని వాళ్ల భాషల అని, మిగిలిన సగం తిన్నడు. వేళ్లు నాకిండు. ఈ కారం ఏందని అడిగి నీళ్లు తాగిండు. తర్వాత నేను పెనం మళ్ల పొయ్యి మీద పెట్టిన. గంపల ఎన్ని చాపలున్నయో అన్ని కాల్చిన. పనోళ్లు తిన్నరు. పక్క పడవలోళ్లు వచ్చిండ్రు, వాళ్లు తిన్నరు. ఆలుగడ్డలు చాలలే. ఎవన్ని పైసలు అడగలే, ఎవడు ఇయ్యబోలే. ముంజేయి ఇంకో రెండు జాగల కాలింది.

లింగడు నా భుజం మీద తట్టిండు. చూస్తే, విస్తరిల కాకి ఉన్నది. ఒకటి కాదు, మూడు. చాప ముక్క ఎత్తుకున్నయి, గడ్డలు ఎత్తుకున్నయి. ఒకటి బెల్లం గడ్డతోని కొట్లాడుతున్నది.

కాకులకు ఆకలయింది, మేము చూసుడు ఆపినం, వచ్చినయి అని మీరు అంటరు. అనుండ్రి. నేను ఆ ఒడ్డున కూసున్నోన్ని.

తిరుగు తోవ

షినాస్‌ల ఫోన్ ఉన్న దుకాణం ఒకటే. మా ఊర్ల బస్టాండు పక్క ఎస్టీడీ డబ్బకు కలిపిచ్చిండ్రు. నర్సింలును పిలిపిచ్చిండ్రు.

"పిట్టకు పెట్టినప్పుడు మొదటి ముక్క ఎవనికి ఇచ్చినవురా?" అని అడిగిన.

"ఎవరికి ఇస్తనే? పిట్ట ముట్టకముందు ఎట్ల ఇస్త?"

"అవ్వ ఎన్నడన్న తనే మొదలు తిన్నదా?"

ఫోన్ల గల్లీ చప్పుడు ఇనబడుతున్నది. ఎవరో తిడుతున్నరు, ముసలి గొంతు. భూదవ్వ అయి ఉంటది. అటెనుక బస్సు హారన్.

"అన్నా, బస్సొచ్చింది," అన్నడు నర్సింలు.

"అయితే ఇంక నాతోని ఏం పని? పో."

ఫోన్ పెట్టకుండనే ఉరికిండు. దుకాణపాయిన వచ్చి ఆపినవా అని అడిగేదాంక నేను ఆ బస్సు చప్పుడే విన్న. పెద్దదినం నాడు అక్కడ పిట్ట ముట్టిందా లేదా అని నేను ఎన్నడు అడగలే. పొయ్యి ముట్టింది, అది చాలు. పెనం అమ్మలే.

నిజ్వాకు వచ్చినంక ఇంజనీరు పిలిపించి, పిట్ట వచ్చిందా అని ఫోర్మన్‌తోని అడిగించిండు. వచ్చిందని చెప్పించిన. తల ఊపి, సెంట్రింగ్ పలకలు వంకర వచ్చినయని తిట్టిండు.

మీరు గోదావరి దిక్కు మా ఊరి బస్సు ఎక్కితే, పొద్దుగాల బస్సు ఎక్కుండ్రి. రేవు గల్లీల ఎడమ చేతి దిక్కు రేకుల కొట్టు. నర్సింలు కొడుకు ఉంటడు ఇప్పుడు. ఊరు గానోళ్లు అని ముఖం చూసి పట్టుకుంటడు, పిలిచి చేతిల ముక్క పెడతడు. జేబుల చెయ్యి పెట్టకుండ్రి. నిలబడి, వేడిగున్నప్పుడే తినుండ్రి. మీరు తినేదాంక ఆ కొట్టుల బేరం మొదలు కాదు.